చప్పుడు కాకుండా

ఏప్రిల్ వస్తే ఇన్వర్‌కార్గిల్‌లో నా కొట్టుకి నిద్ర ఉండదు.
ప్యాంట్ల అంచులూ, పాడైన జిప్పులూ ఓ మూలకి తోసేస్తాను.
బల్ల నిండా పతకాలు.
దక్షిణపు గాలి తలుపు సందులోంచి దూరి
రిబ్బన్ల కొసల్ని ఎగరేస్తుంటుంది.

మోర్వెన్ కిర్క్‌బ్రైడ్. పదిహేనేళ్ళుంటాయి.
తడిసిన బడికోటుతోనే లోపలికొచ్చి
అట్టపెట్టె ఒకటి బల్లమీద పెట్టింది.
యుద్ధమయ్యాక ఎప్పుడో పోస్టులో వచ్చిన పెట్టె.
లోపల మైనపుకాగితం మడత కూడా నలగలేదు.
"ముత్తాతవి. ఎడమవైపు పెట్టుకోవచ్చా?"

కుదరదమ్మా.
ఎడమ పక్క సంపాదించినవాడిది.
వారసులకి కుడి.

అరచెయ్యి ఎడమ పక్కన ఆనించి చూసుకుంది,
తరవాత కుడి పక్కన.
"ఇటు ఏమీ కొట్టుకోవట్లేదు," అంది.
నేను సూదిబెజ్జం వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నాను.

వరస చెప్పాను.
ఎదుటివాడి ఎడమచేతి నుంచి మొదలు.
నక్షత్రాలు ముందు:
మూడు దళాల మూడు రంగుల పట్టీతో మొదటిది,
ఇసకరంగు మధ్యన ఎర్రచారతో ఆఫ్రికా,
ఆ పక్కన ఇటలీ.
తరవాతే గుండ్రటి బిళ్ళలు. వాటిలో చివరిది మనది,
నల్ల పట్టీకి తెల్ల అంచు.
రాజుగారి తల లోకానికి కనపడాలి,
వెనకున్న సింహం మాత్రం
వేసుకున్నవాళ్ళ ఒంటికి ఆనుకుని ఉండాలి.

ఆమె వింటోందో లేదో.
ఒక్కో బిళ్ళ అంచునీ దీపం కింద తిప్పి తిప్పి వెతుకుతోంది.
"పేరేదీ?"
చెక్కలేదు. ఆ యుద్ధానికి మన ప్రభుత్వం
ఎవరి పేరూ చెక్కించలేదు.
"అయితే ఇవి ఎవరివైనా కావచ్చుగా?"
కావచ్చు.
అందుకే ఆ పెట్టె పారెయ్యకు.
ఆలిక్ కిర్క్‌బ్రైడ్ అని ఉన్నది ఈ అట్టమీదే,
అదీ వానకి సగం కారిపోయింది.

ఇక కుట్టడం. రెండు పద్ధతులున్నాయి.
ఊగేలా వదిలేస్తే
నడిచినప్పుడల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని గలగలమంటాయి.
ముసలి సైనికులు అదే అడుగుతారు,
ఆ మోత లేకపోతే అడుగు పడదంటారు.
లేదా అట్టమీద పట్టీని కిందిదాకా పరిచి
బిళ్ళని దానిమీద పడుకోబెట్టి
దారంతో బిగించేస్తాను.
ఇక కిక్కురుమనవు.

చాలాసేపు ఏమీ అనలేదు.
కోటు చేతి నుంచి నీటిచుక్కలు నా గజంబద్ద మీద పడుతున్నాయి.

"నానమ్మ చెప్పేది.
ఆయనుండగా ఇంట్లో చెంచా కప్పుకి తగలకూడదట.
టీలో చక్కెర కలపాలంటే
బట్టలారేసే చెక్క క్లిప్పుతో కలిపేవారట అందరూ.
ఇప్పటికీ నానమ్మ అంతే.
చప్పుడు కాకుండా కుట్టండి."

ఆ రాత్రి రేడియో కట్టేసి కుట్టాను.
మామూలుగా ఒక్కోదానికి రెండు కుట్లు చాలు.
నాలుగేశాను.
తోమలేదు. ఆయన తోమనిది నేనెందుకు తోమాలి?
కూలి అడగలేదు. వాళ్ళ నాన్న మాత్రం
బ్లఫ్ పడవ నుంచి డబ్బా నిండా ఆయిస్టర్లు తెచ్చి
మాట్లాడకుండా గుమ్మంలో పెట్టిపోయాడు.

ఇరవయ్యయిదు. ఇంకా తెల్లారలేదు.
స్తూపం చుట్టూ ఊపిరి పొగలు.
వరసలు కదిలాయి.
ముందు మోతలే వినపడ్డాయి, మనుషులు తరవాత కనపడ్డారు.
ఇన్నేళ్ళలో ఏ మోత నా చేతిదో చీకట్లోనే చెప్పగలను.
ఆ పిల్ల నా ముందునుంచే పోయింది,
బూట్లు తప్ప ఏమీ వినపడలేదు.

తుపాకులు పేలాయి.
పావురాలు లేచాయి, పక్కనున్న పసివాడు కేరుమన్నాడు.
మోర్వెన్ చెయ్యి గబుక్కున కుడివైపుకి పోయింది.
అయిదింటినీ అరచేత్తో కప్పేసింది,
పిల్లల చెవులు మూస్తామే, అలా.

రెండోసారి పేలినా తియ్యలేదు.

పిన్ను కాస్త వంకరగా దిగింది,
వెలుగొచ్చాక చూశాను.
సరిచెయ్యబోయి, పోనీలే అనుకున్నాను.